అవ్వ చెట్టు కింద అడగని మాట

ఆ రోజు కోడి కూయగానే ముదా ఇంట్లో రోకలి మోత మొదలైంది. నల్ల నువ్వులూ బంక అన్నమూ కలిపి దంచుతూ, మధ్యమధ్య చిలుము పీల్చుకుంటూ, ఆవిడ ఊరందరికీ వినబడేలా కేకలు వేస్తోంది. కొడుకు దిలో ఇంకా లేవలేదని ఒక కేక, కుక్క కాళ్ళకు అడ్డం పడుతోందని ఒక కేక, పక్కింటివాళ్ళు తమను వదిలేసి వెళ్ళిపోతారేమోనని ఇంకొకటి. సంబరం పట్టలేకపోతే కొందరు నవ్వుతారు, కొందరు పాడతారు. ముదా మాత్రం కనిపించినవాళ్ళనల్లా తిడుతుంది. థాయ్ దేశంలోని ఆ మే చెమ్ కొండల్లో ఆ సంగతి తెలియనివాళ్ళు లేరు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. ఊరంతా కలిసి అవ్వ చెట్టును చూడబోయే రోజు ఏడాదికి ఒక్కటే వస్తుంది, అది ఆ రోజే.

"అత్తా, నా చెప్పులు పట్టడం లేదు. ఆయన చెప్పులు వేసుకోనా?" అని కోడలు నోపో గడప దగ్గర నిలబడి అడిగింది. నెలలు నిండిన మనిషి. తలకు గుడ్డ బిగించి కట్టుకుంది.

ముదా కిందికి చూసి గట్టిగా నవ్వింది. "ఓసినీ! ఏనుగుపిల్ల కాళ్ళలా ఉన్నాయేమిటే? మనవడు నీ పొట్టలో ఉన్నాడా, పాదాల్లో ఉన్నాడా?"

"మనవరాలైతేనో?"

"అయితే నాలాగా అరుస్తుంది. ఇంకా మంచిది. తలకు ఆ గుడ్డేమిటి?"

"ఏం లేదత్తా, ఎండ పడకుండా."

ఎండ ఇంకా కొండ దాటి రానేలేదు. ఆ మాట ముదాకు తట్టలేదు, నువ్వుల ముద్దలు ఆకుల్లో చుట్టే తొందరలో ఉంది. రెండు రోజులుగా తల పగిలిపోతోందని నోపో మొగుడికి కూడా చెప్పలేదు. చెబితే ఆస్పత్రికి పొమ్మంటారని భయం. ఆ భయం ఎందుకో తెలియాలంటే ఆ ఊరి అడవి సంగతి కొంచెం చెప్పుకోవాలి.

అక్కడ బిడ్డ పుట్టగానే మాయనూ బొడ్డుతాడునూ తండ్రి వెదురు గొట్టంలో పెట్టి, అడవిలో ఏపుగా ఎదుగుతున్న ఒక చెట్టుకు కట్టి వస్తాడు. ఆ రోజు ఊళ్ళో ఎవరూ పొలం పనికి పోరు. అప్పటి నుంచి ఆ చెట్టు ఆ బిడ్డది, బిడ్డ ప్రాణంలో ఒక పాలు ఆ చెట్టు దగ్గరే ఉంటుంది. దాని మీద గొడ్డలి వేస్తే మనిషి మీద వేసినట్టే. చుట్టూ కొండలన్నీ మొక్కజొన్న కోసం బోడిగుండ్లయిపోయినా ఆ అడవి మాత్రం చెక్కుచెదరలేదంటే ఈ కట్టుబాటే కారణం. పాఠకులు దీన్ని మూఢనమ్మకమని తేలిగ్గా తీసిపారేయవద్దని నా మనవి. చిక్కంతా చెట్టుతో కాదు, చెట్టు పేరు చెప్పి ఊరివాళ్ళు కట్టుకున్న ఇంకొక భయంతో వచ్చింది.

ఊరేగింపు కదిలింది. ముందు డప్పు, దాని వెనక కంచు తాళాలు, ఆ వెనక తెల్లని పొడుగు అంగీలు వేసుకున్న పెళ్ళికాని ఆడపిల్లలు, వాళ్ళ చుట్టూ అవసరం ఉన్నా లేకపోయినా తిరుగుతున్న కుర్రాళ్ళు. దిలో భుజాల మీద రెండేళ్ళ లాము గుర్రమెక్కినట్టు కూర్చుంది. లాము ముదా కూతురు పావా బిడ్డ. పావా ఈ బిడ్డను కని చనిపోయింది. పిల్లకు అమ్మంటే ముదాయే, "అమ్మా, నువ్వులు!" అని దారంతా అరుస్తూనే ఉంది.

నీళ్ళ డ్రమ్ములూ వంటపాత్రలూ వేసుకుని ఒక పాత పికప్ బండి కూడా వెనకే మూలుగుతూ వచ్చింది. కోసుగడ్డలు కిందికి సంతకు తోలే జోవాది ఆ బండి. అడవి మొదట్లోనే అతను బండి ఆపేశాడు. ఎప్పుడూ అంతకు మించి లోపలికి రాడు. అతని తల్లి శీపోకు కడుపులో బిడ్డ అడ్డం తిరిగితే కింద ఆస్పత్రికి మోసుకుపోయారు, అక్కడే పుట్టాడు. మాయ ఏమైందో ఎవరికీ తెలియదు, అతనికి చెట్టు లేదు. పాతికేళ్ళ మగాడైనా ఊరికి ఇప్పటికీ "చెట్టులేనోడే". బండి టైరు పంక్చరైతే చెట్టు లేకపోవడం వల్లే. పెళ్ళి సంబంధం తప్పిపోతే చెట్టు లేకపోవడం వల్లే. ఒకసారి అందరికీ జలుబు చేసినప్పుడు అతనికీ చేసింది, అదీ చెట్టు లేకపోవడం వల్లేనన్నారు.

"లోపలికి రారా జోవా, అవ్వ నిన్ను మింగేయదు" అన్నాడు దిలో.

"నేనొస్తే మీ చెట్లన్నీ వాడిపోతాయంటగా. ఇక్కడే ఉంటాలే. మా అమ్మ నాకు తోడుంటది" అని జోవా నవ్వేశాడు. శీపో ఆకూ వక్కా నములుతూ బండి పక్కన చతికిలబడింది.

చెట్ల మధ్య చీకటిని దాటగానే అవ్వ చెట్టు కనిపించింది. చిన్నప్పటి నుంచి చూస్తున్నా ముదా గుండె ఝల్లుమంది. అదొక అడవి మామిడి. పదిమంది చేతులు పట్టుకుని నిలబడ్డా చుట్టు రాదు. వేర్లు ఇళ్ళ అరుగుల్లాగా పైకి లేచి ఉన్నాయి. కొమ్మల మీద మొక్కలు, ఆ మొక్కల మీద ఇంకేవో మొక్కలు, పైన ఎక్కడో ఆకాశం. ఒక పిల్లవాడు వేలెత్తి చూపించబోయి, వెంటనే గుర్తొచ్చి, ఆ వేలు కొరుక్కున్నాడు. అవ్వను వేలితో చూపిస్తే వేలు వంకరపోతుంది మరి. చూపించాలంటే గడ్డంతోనే చూపించాలి.

ఊరిపెద్ద కెలె తాత వేరు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాడు. ప్రతి ఏడూ చెప్పే కథే. కొండలవతల నుంచి ఒంటరిగా పారిపోయి వచ్చిన ఒక ఆడది ఇక్కడే ప్రసవించిందనీ, వెదురు బద్దతో బిడ్డ బొడ్డుతాడు తానే కోసి, మోకాలెత్తు మామిడి మొక్కకు కట్టిందనీ, ఊరంతా ఆమె సంతానమేననీ చెప్పాడు. బిడ్డకు జ్వరమొస్తే అవ్వ ఒక ఆకు రాలుస్తుందట. ఊళ్ళో పెళ్ళయితే కాయకాలం కాకపోయినా ఒక కాయ కాస్తుందట.

"నా పెళ్ళికి కాయలేదే తాతా!" అని ఎవరో వెనక నుంచి అరిచారు.

"నీ పెళ్ళాన్ని చూసి అవ్వ కూడా భయపడి ఉంటది" అన్నాడు తాత. అందరూ గొల్లుమన్నారు.

కథ కాగానే తాత "పోండి, ఎవరి చెట్టు వాళ్ళు చూసుకోండి" అన్నాడు. అంతే, ఊరంతా చిన్నపిల్లలైపోయింది. నడుము వంగిన ముసలివాళ్ళు కూడా పరుగే. "ఇదుగో నాది!" "నాది ఎంత లావైందో చూడు, నువ్వే పీలగా ఉన్నావు!" "నా చెట్టు మీద తేనెపట్టు పెట్టింది రోయ్!" ఎవరికి వాళ్ళు తమ చెట్టును కావలించుకుని, పెదాలు ఆడిస్తూ "ప్ర్‌ర్‌ర్, ప్రాణమా, ఎక్కడున్నా తిరిగి రా" అని పిలుచుకున్నారు. అడవంతా ఆ పిలుపే.

ముదా తన చెట్టు దగ్గరికి పోలేదు. పావా చెట్టు దగ్గరికి పోయింది. ఏపైన చెట్టు, నిండా చిగుళ్ళు. పక్కనే లాము మొక్క. ఆడవాళ్ళు నలుగురు వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యేశారు.

"నీ కూతురు కట్టుబాటు తప్పలేదు ముదా. ఆస్పత్రికి రమ్మని ఎంత బతిమిలాడినా కదల్లేదు. బిడ్డకు చెట్టు నిలబెట్టే పోయింది."

"అలాంటి పిల్లలు ఇప్పుడేరీ?"

ముదా తల పైకెత్తి, "నా పెంపకం" అంది. రెండేళ్ళుగా ఆ మెచ్చుకోలు మీదే ఆవిడ బతుకుతోంది. చూశారా, ఎంత తియ్యటి మాటో! చావుకు ఒకసారి మెచ్చుకోలు తొడిగేస్తే, ఆ పిల్ల అసలెందుకు చచ్చిపోయిందని ఇక ఎవరూ అడగక్కర్లేదు. మన ఊళ్ళలో మాత్రం ఇలాంటి మెచ్చుకోళ్ళు లేవా?

అవ్వ చెట్టు టెంకలు పడి మొలిచిన మామిడి మొక్కల మధ్య నోపో, దిలో తమ బిడ్డకు చెట్టు వెతుక్కుంటున్నారు. "ఇది వంకర", "అది చీమలు పట్టింది", "ఇదైతే నీ మొహంలా ఉంది, వద్దు" అనుకుంటూ నవ్వుకుంటున్నారు. చివరికి నోపో ఒక నిటారు మొక్కను పట్టుకుని "ఇదే! ఇదే నా బిడ్డది!" అని ఎగిరినంత పని చేసింది. అంతలోనే ఆ చెయ్యి జారిపోయింది.

"అత్తా... చెట్టు రెండుగా కనిపిస్తోంది. మెరుపులు మెరుస్తున్నాయి."

ఆకాశంలో మబ్బు తునక లేదు. ముదా పరిగెత్తుకొచ్చింది. ఆవిడ కంటే ముందు వాము వచ్చింది. వాము ఆ ఊరి పిల్లే, ఆరోగ్య కార్యకర్తగా పని నేర్చుకుని వచ్చింది. సంచిలోంచి యంత్రం తీసి బీపీ చూసింది. బొటనవేలితో నోపో కాలి మీద నొక్కి తీస్తే పడిన గుంట పూడలేదు. వాము తలెత్తింది.

"అక్కా, తలనొప్పి ఎప్పటి నుంచి?"

"మొన్నటి నుంచి."

"మొన్నటి నుంచా! ఎందుకు చెప్పలేదక్కా? బీపీ బాగా పెరిగిపోయింది. ముదా పెద్దమ్మా, ఇప్పుడే ఆస్పత్రికి పోవాలి, ఈ నిమిషమే. ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి, తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు."

నోపో మొక్కను రెండు చేతులా పట్టుకుంది. "నేను రాను. అక్కడ కంటే మాయ కాల్చేస్తారు. నా బిడ్డను చెట్టులేనిది అని పిలుస్తారు. పావా వదిన పోలేదు, నేనూ పోను."

జనం మూగారు. డప్పు ఆగిపోయింది. "ఇక్కడే మంత్రసాని ఉంది కదా" అని ఒకరు. "అవ్వ నీడలో ఉంది, ఏం కాదు" అని ఇంకొకరు. దిలో ఒకసారి పెళ్ళాం మొహం, ఒకసారి తల్లి మొహం చూస్తున్నాడు. కెలె తాత ముదా వైపు తిరిగి, "నీ ఇంటి పిల్ల. నువ్వు చెప్పు" అన్నాడు.

చెప్పాల్సిన మాట ముదా నాలుక మీదే ఉంది. రెండేళ్ళుగా చెబుతున్న మాటే, మా పావా లాగా ధైర్యంగా ఉండమని. నోరు తెరిచింది. అప్పుడే, గోల విని జోవా అడవి మొదట నుంచి లోపలికి వచ్చేశాడు. అతని వెనక శీపో ఆయాసపడుతూ వచ్చింది. మీసాలొచ్చిన కొడుకు మూతికి నువ్వులు అంటుకుని ఉంటే, అంత కంగారులోనూ చేత్తో తుడిచింది.

"అబ్బా, అమ్మా! అందరూ చూస్తన్నారే!" అని జోవా మొహం తిప్పుకున్నాడు.

"చూడనీ. తిన్న మూతి తుడుచుకోవడం ఎప్పటికి నేర్చుకుంటావు నువ్వు?"

ముదా చూపు అక్కడే ఆగిపోయింది. ఆస్పత్రిలో బిడ్డను కన్న ఆడది కొడుకు మూతి తుడుస్తోంది. చెట్టులేనోడికి తల్లి ఉంది. కాస్త దూరంలో పావా చెట్టు చిగుళ్ళతో కళకళలాడుతోంది, దాని పక్కన లాము చెట్టు కూడా. రెండు చెట్లూ ఉన్నాయి, పావా లేదు. దిలో భుజం మీద నుంచి లాము చేతులు చాచి "అమ్మా" అని పిలిచింది. ఆ పిలుపు తనది కాదు, తన కూతురిది. ఆ మాట వినాల్సిన మనిషి మట్టిలో ఉంది. ముదా తెరిచిన నోరు మూసింది. ఒక్క క్షణమే. మరుక్షణం అడవి దద్దరిల్లింది.

"జోవా! నిలబడి చూస్తావేంట్రా? బండి తియ్!"

"అత్తా, చెట్టు..." అని నోపో ఏడ్చింది.

"చెట్టును చూసిచూసి నా కళ్ళు కాయలు కాచాయే! చిగుళ్ళు వేస్తోంది, పూత పూస్తోంది. ఒక్కసారి అమ్మా అని పిలిచిందా నన్ను? నాకు నువ్వు కావాలి. లే!"

ఇక ఆ ఊరిని చూసి తీరాలి! ఇందాక అడ్డం చెప్పినవాళ్ళే నోపోను దుప్పట్లో వేసుకుని బండి దాకా పరుగున మోశారు. వంటపాత్రలన్నీ ధనధనా కింద పడ్డాయి. దిలో లామును శీపో చేతికిచ్చి తనూ బండి ఎక్కాడు. కుర్రాళ్ళు ముందు పరిగెత్తి దారిలో విరిగిపడ్డ కొమ్మలు లాగేశారు. మొన్నటి వానకు మెత్తబడ్డ మలుపులో చక్రాలు కూరుకుపోతే, తెల్ల అంగీల పిల్లలు కూడా భుజాలు ఆనించి తోశారు. అంగీలన్నీ బురద, మొహాలన్నీ బురద. బండి ఎగిరి బయటపడేసరికి కొండంతా ఒకటే కేరింత.

"దున్నపోతును తోలుతున్నావా, బండిని తోలుతున్నావా? పోనీరా!" అని ముదా వెనక నుంచి రేకు మీద బాదింది.

"నువ్వు అరవకుండా ఉంటే బండి ఇంకా తొందరగా పోతది పెద్దమ్మా! అరుపుకే అదిరిపోతంది!"

"అదిరితే అదరనీ! నోపో, కళ్ళు మూయకు. నన్ను తిట్టు. నీకు నచ్చినట్టు తిట్టు, ఈ రోజు నీకు అడ్డు లేదు."

"మీ... మీ చిలుము కంపు అత్తా" అంది నోపో నీరసంగా. పక్కన కూర్చున్న వాము ఏడుస్తూనే నవ్వేసింది.

ఆస్పత్రి మెట్ల దగ్గర బండి ఆగీ ఆగకముందే నోపోను లోపలికి తీసుకుపోయారు. ఆ తర్వాత తలుపు మూసుకుంది. దిలో గోడకు ఆనుకుని అలాగే ఉండిపోయాడు. జోవా బండికి ఏమీ కాకపోయినా దాని చుట్టూ తిరుగుతున్నాడు. ముదాకు చిలుము వెలిగించుకోవాలని కూడా తోచలేదు. నోపో తాగడానికి తెచ్చిన నీళ్ళ వెదురు గొట్టం చేతిలో అలాగే ఉంది.

మధ్యాహ్నం దాటాక ఒక పెద్ద వయసు నర్సు తలుపు తీసింది. ఏదో అంది. థాయ్ మాటలు ముదాకు అంతంతమాత్రం. వాము ఎగిరి గంతేసింది.

"ఆడపిల్ల! ఆపరేషన్ చేసి తీశారు. అక్క కళ్ళు తెరిచింది, అత్త ఏదని అడిగిందంట!"

దిలో అక్కడే కూలబడి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. జోవా బండి దగ్గరికి పరిగెత్తి ఆపకుండా హారన్ కొట్టాడు. ఎవరో వచ్చి తిడితే నవ్వుతూ తిట్లు తిన్నాడు. ముదా నర్సు చేతులు రెండూ పట్టుకుంది. ఒక మాట అడగాలని ఉంది, నోరు రావడం లేదు. ఇంత చేసినవాళ్ళను ఇంకా ఏమని అడగడం? నవ్వుతారేమో, కొండ మనుషులని ఈసడిస్తారేమో. చివరికి గొట్టంలో నీళ్ళు పారబోసి, ఖాళీ గొట్టం చూపించి, వాము చెవిలో గొణిగింది.

వాము అడిగింది. నర్సు గొట్టాన్నీ ముదానూ మార్చిమార్చి చూసి, నవ్వి, ఏదో చెప్పి లోపలికి పోయింది.

"ఏమంది? కాల్చేశారంటనా?"

"లేదు పెద్దమ్మా, తెస్తానంది. మాకు కావాలని అడిగితే కట్టి ఇస్తామంది. అవతలి కొండ ఊళ్ళవాళ్ళు ఎప్పుడూ తీసుకుపోతూనే ఉంటారంట. తను ఇక్కడ పనిలో చేరినప్పటి నుంచీ ఇస్తూనే ఉన్నారంట." వాము గొంతు సన్నబడింది. "మన ఊరివాళ్ళే ఎవరూ ఎప్పుడూ అడగలేదంట. నేనూ అడగలేదు పెద్దమ్మా. ఇవ్వరని మా అమ్మ చెప్తే అదే నిజమనుకున్నా."

ముదా నేల మీద కూర్చుండిపోయింది. "అడిగితే ఇస్తారా?" అంది. మళ్ళీ "అడిగితే ఇచ్చేవాళ్ళా?" అంది. అప్పుడు గుండె బాదుకుని ఏడ్చింది. కూతురు పోయిన రోజున కూడా అంతగా ఏడవలేదు. మూట తెచ్చిన నర్సు ఇది మనవరాలు పుట్టిన సంతోషం అనుకుని ఆవిడ వీపు నిమిరింది.

నోపోకు తోడుగా వామును ఉంచి వచ్చి, మర్నాడు పొద్దున్నే దిలో ఆ నిటారు మొక్కకు వెదురు గొట్టం కట్టాడు. ఊళ్ళో ఎవరూ పనికి పోలేదు. డప్పు మళ్ళీ మోగింది, బిడ్డ పుట్టిన కబురుకు ఎగిరినవాళ్ళు ఎగిరినట్టే ఉన్నారు. ఆడవాళ్ళు ముదా చుట్టూ చేరారు. ఒకావిడ అలవాటు కొద్దీ, "కోడలికి దారి దొరికింది, పావాయే పైనుంచి చూసుకుంది. మహా ధైర్యం గల పిల్ల..." అని మొదలుపెట్టింది.

"ఆపు" అంది ముదా. ఆ గొంతులో కేక లేదు. అందుకే అందరూ ఆగిపోయారు.

"నా కూతుర్ని ఇక ఎవరూ మెచ్చుకోకండి. అది ధైర్యంతో చావలేదు, భయంతో చచ్చిపోయింది. మాయ కాల్చేస్తారని భయం. వాళ్ళను ఎవరైనా అడిగామా? నేను అడగలేదు, మీరు అడగలేదు, తాత అడగలేదు. ఇవ్వరని మనకు మనమే చెప్పుకుని, ఇంత పెద్ద అడవిని పెంచుకున్నవాళ్ళం, ఒక్క పిల్లను బతికించుకోలేకపోయాం."

కెలె తాత లేచాడు. జోవా దగ్గరికి వెళ్ళి చెయ్యి పట్టుకుని అవ్వ చెట్టు నీడలోకి తెచ్చి నిలబెట్టాడు. "ఆ పేరు ఇక ఎవరి నోటా వినబడకూడదు" అన్నాడు. ఏ పేరో చెప్పాల్సిన పని లేకపోయింది. జోవా చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియక తల గోక్కున్నాడు.

గుంపు చివర ఆరో నెల కడుపుతో ఉన్న ఒక చిన్నమ్మాయి అత్త వెనక నక్కి నిలబడి ఉంది. మెల్లగా, దాదాపు తనలో తాను అనుకున్నట్టు, "నీ బండి మళ్ళీ ఎప్పుడు కిందికి పోతది జోవా అన్నా?" అంది. అత్త గిరుక్కున వెనక్కి తిరిగేసరికి సిగ్గుతో నోరు మూసుకుంది.

ముదా జనాన్ని తోసుకుంటూ ఆ పిల్ల దగ్గరికి వెళ్ళి గడ్డం పట్టుకుని తల పైకెత్తింది.

"గట్టిగా అడగవే తల్లీ! డాక్టర్ని అడుగు, నర్సును అడుగు, మీ అత్తను అడుగు, నన్ను అడుగు. అడిగితే మహా అయితే లేదంటారు. అడగనందుకు మాత్రం ఇక ఈ ఊళ్ళో ఏ తల్లీ చావకూడదు."